నన్నారి తీగకు నీళ్లు పోసిన పుణ్యాత్ముడు

ఎండాకాలంలో ముంతెడు నీళ్లు పోసినవాడు మా సీమలో దేవుడితో సమానం. మనిషికి పోసినా పుణ్యమే, కాకికి పోసినా పుణ్యమే, చెట్టుకు పోసినా పుణ్యమే. పోసినవాడిని పట్టుకుని ఎందుకు పోశావని అడిగితే, అడిగినవాళ్లకే మతి చెడిందంటారు. అట్లా అడిగిన పాపానికి మా ఆళ్లగడ్డ పెద్దమనుషులు అజీజున్నీసాను నలుగురిలో నిలబెట్టి మాఫీ అడిగించారు. జరిగి ఏళ్లయింది గానీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు ఈశ్వరమ్మ. ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా నాకు ఉగ్గాని, బజ్జీల హోటలు ఉండేది. నా పొయ్యిని ఆనుకునే అజీజక్క షర్బతు బండి. బండి పేరుకు ఆమె భర్త దాదా ఖలందర్‌ది, షర్బతు కాచేది మాత్రం ఆమే. దూదేకులవాళ్లు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అహోబిలం బస్సులో సీటు దొరికి కూర్చున్నవాళ్లు కూడా ఆమె కేక విని, తువ్వాలు సీటు మీద పరిచి, దిగొచ్చి తాగిపోయేవాళ్లు. గ్లాసులో నిమ్మకాయ పిండి, పాకం పోసి, సోడా కొట్టేసరికి లేచే వాసనకు నా బజ్జీల వాసన ఎటు పోయేదో తెలిసేది కాదు. నా బేరం చెడగొడుతోందని తిట్టుకుంటూనే నేనూ రోజుకో గ్లాసు తాగేదాన్ని.

ఆ వాసన నల్లమలది. పొలం గట్ల మీద దొరికే సన్న సుగంధి వేరు ఆమె వాడేది కాదు. కొండచరియల మీద, రాతి సందుల్లో పెరిగే తీగ ఒకటుంది. దాని వేరు లావుగా, గడ్డలాగా ఊరుతుంది. చెంచులు మారెడు గడ్డ అంటారు, మేం నన్నారి గడ్డ అంటాం. అహోబిలం పైన గూడెం నుంచి తిరుపాలమ్మ అనే చెంచు మనిషి గంపలో పెట్టుకుని తెచ్చేది. దాన్ని దంచి, లోపలి కట్టెను తీసి పారేసి, పైకండను నానబెట్టి కాస్తే షర్బతుకు పాకం అవుతుంది. ఆ గడ్డ తవ్వడానికి తిరుపాలమ్మ వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఆకు రాలిందాకా తీగ జోలికి పోరు. రాలాక తవ్వినా పక్క గడ్డలే కోసుకుంటారు. నడిమి గడ్డను తల్లి అంటారు, దాన్ని ముట్టరు. మన్ను కప్పి, పైన రాళ్లు పేర్చి వస్తారు. మళ్లీ కొన్నేళ్ల దాకా ఆ తీగ వైపు పోరు.

డెబ్బై ఏడులోనో ఎనిమిదిలోనో, బయటి వ్యాపారులు లారీలు వేసుకుని దిగారు. ఆ గడ్డలు ఎక్కడో ఊరగాయలకూ మందులకూ పోతాయట. కూలీలను పెట్టి, గడ్డపారలతో రాళ్లు పెళ్లగించి, తల్లీ లేదు పిల్లా లేదు, వేరుకు వేరు పీక్కుపోయారు. దారిలో తిరుపాలమ్మ గంపను దించి సోదా చేసిన ఫారెస్టువాళ్లున్నారు గానీ ఆ లారీలకు అడ్డం నిలబడ్డ మగాడు ఒక్కడు లేడు. గంపలో తెచ్చుకున్నది దొంగ, లారీకి ఎత్తుకున్నవాడు షావుకారు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు. గంప నిండా వచ్చే గడ్డలు దోసెడుకు వచ్చాయి. చివరికి ఒక రోజు తిరుపాలమ్మ ఒట్టి చేతులతో వచ్చి మా హోటలు ముందు కూర్చుంది. చేతుల నిండా ముళ్లు గీరిన గాట్లు. వాళ్లమ్మ చూపించిన చరియలన్నీ తిరిగానని, తీగ ఉన్న చోటల్లా గుంత ఉందని చెప్పింది. నేను పెట్టిన ఉగ్గాని కూడా సగం వదిలేసింది.

దాదా ఖలందర్ నెమ్మదస్తుడు, దేనికీ ఎదురు తిరిగే రకం కాదు. నంద్యాలకు పోయి ఎసెన్సు సీసా, రంగు పొడి కొనుక్కొచ్చాడు. అందరూ చేసేదే కదా, తాగేవాళ్లకేం తెలుస్తుంది అన్నాడు. అజీజక్క ఆ సీసా మూత తీసి వాసన చూసి, మురుగు కాలవలో వంపేసింది. వారం రోజులు బండి మూతపడింది. ఆ తర్వాత నాతో ఒక మాట అంది, కొండ మీద లేకపోతే మన్నులో నేనే పెంచుతానని. నేను నవ్వాను. చింతచెట్టు నాటినవాళ్లను చూశాను, వేపచెట్టు నాటినవాళ్లను చూశాను, కొండతీగను కుండలో నాటినవాళ్లను మాత్రం చూడలేదన్నాను. ఆమె నా నవ్వును లెక్కచెయ్యలేదు.

మొదట అందరూ చేసే పొరపాటే చేసింది. మా వైపు మంచి మన్ను అంటే నల్లరేగడి. నంద్యాల రేగడిలో కర్ర పాతినా చిగురిస్తుందంటారు. బండెడు రేగడి తోలించి, దొడ్లో పోయించి, పశువుల ఎరువు కలిపి, తిరుపాలమ్మ వెతికి తెచ్చిన మొక్కలు పెట్టింది. పొద్దునొక బిందె, సాయంత్రమొక బిందె. పసిపిల్లకు పట్టినట్టు పట్టింది. ఒక్కటీ బతకలేదు. ఆకు పసుపు తిరిగి, వేరు మెత్తబడి, ముట్టుకుంటే చేతికి అంటుకుంది. తిరుపాలమ్మ వచ్చి చూసి కొట్టినంత పని చేసింది.

"అది రాళ్లల్లో పుట్టిండేది అక్కా. నువ్వు కడుపు నిండా పెట్టి చంపుతాండావు. దానికి ఆకలి కావాల" అంది.

ఆ మాటతో అజీజక్కకు వాళ్ల గుట్ట గుర్తొచ్చింది. అహోబిలం పోయే దారిలో, కొండల కింద, ఆమె మామ ఏనాడో సంపాదించిన రాతి గుట్ట ఒకటుంది. దాదా ఖలందర్‌కూ ఆయన అన్న ఖాసింకూ ఉమ్మడిది. గడ్డి కూడా సరిగా మొలవదని అన్నదమ్ములిద్దరూ దాని ముఖం చూసేవాళ్లు కాదు. ఖాసింకు పగిడ్యాల దగ్గర కాలవ కింద వరి మళ్లున్నాయి. గుట్ట మీద నన్నారి వేసుకుంటానని మరదలు అడిగితే, రాళ్లు పండించుకుంటావా పండించుకో అని నవ్వి ఒప్పుకున్నాడు.

తిరుపాలమ్మ అడవంతా గాలించి, ఎవరికీ కనబడని లోయలో మిగిలిన తీగల నుంచి కాయలు తెచ్చింది. జంటజంటగా, దూడ కొమ్ముల్లా ఉంటాయి. పగిలితే లోపలి గింజలు దూదితో సహా గాలికి ఎగిరిపోతాయి, అందుకే పగలకముందే తెంపి గుడ్డలో మూటకట్టి తేవాలి. ఆ మూట ఇస్తూ ఆమె ఒక్కటే అడిగింది. గుట్ట మీద తీగలు పెరిగి కాయలు కాస్తే అందులో సగం తనకియ్యాలి, గుంతలు పడిన చరియల మీద చల్లుకుంటారు. అజీజక్క ఖురాను మీద ఒట్టు పెట్టింది. ఇక అక్కడి నుంచి ఆ తీగలు షర్బతు కోసం మాత్రమే కాదు. కొండకు తిరిగిపోవాల్సిన గింజ ఆ గుట్ట మీదే ఉంది.

తొలకరి పడగానే ఇద్దరూ కలిసి గింజలు వేశారు. రాళ్లు ఏరి పారెయ్యలేదు, ఉన్న రాళ్ల మధ్యనే, నీళ్లు నిలవని వాలులో వేశారు. లేత మొక్కకు ఎండ దెబ్బ తగలకుండా పొదల నీడ చూశారు. పెద్దయ్యాక అదే పొదను పట్టుకుని తీగ పైకి పోతుంది, పందిరి పని లేదు. ఎరువు వెయ్యలేదు. ముళ్లపందులు గడ్డ వాసన పట్టి తవ్వుకుపోతాయని చుట్టూ కంప కొట్టారు. వేసిన గింజల్లో మొలిచినవి కొన్ని, మొలిచినవాటిలో మిగిలినవి కొన్నే. వాటికి నీళ్లు వానదేవుడు పోసినవే. అన్నిటికంటే కష్టం ఎండాకాలం. ఎండ ముదిరే ముందే తీగ ఆకంతా రాల్చేసి, ఎండుపుల్లలాగా అయిపోతుంది. చచ్చిందనుకుంటాం. చావదు, కింద గడ్డ బలం పట్టి పడుకుని ఉంటుంది. అప్పుడు దాన్ని ముట్టకుండా ఉండటమే సేద్యం. మొదటి ఎండాకాలం అజీజక్క బిందె పట్టుకుని గుట్ట దాకా పోయి, తిరుపాలమ్మ మాట గుర్తొచ్చి, ఏడుస్తూ నీళ్లు తనే తాగి తిరిగొచ్చింది. అంత కష్టపడి మానుకుంది ఆమె.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. బండి మీద వేరే చోట దొరికిన సన్న వేరుతో పల్చటి షర్బతు అమ్ముకుంటూ, బస్సెక్కి గుట్టకు పోయొస్తూ బతికింది. పిచ్చి పట్టిందన్నారు. రాళ్ల మీద కంప కొట్టుకుందని ఆమెకు కంపల అజీజ అని పేరు పెట్టారు. పెట్టిన పెద్దమనుషుల్లో రోజూ ఆమె దగ్గర అప్పనంగా షర్బతు తాగిపోయేవాళ్లే ఎక్కువ. గడ్డలు చిటికెనవేలి లావు దాటాయి, ఇంకో రెండేళ్లకు పూత, కాయ వస్తాయని తిరుపాలమ్మ చెప్పింది.

ఆ ఎండాకాలమే దాదా ఖలందర్‌కు కడుపులో నొప్పి తిరగబెట్టింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషను. అజీజక్క ఆయన మంచం పక్కనే ఉండిపోయింది. పోయేముందు బావకు గుట్ట అప్పజెప్పింది. కంప ఊడితే సర్దమని, ఇంకేమీ ముట్టవద్దని నా ముందరే చెప్పింది. అది విన్న చెవులు ఇవి.

ఖాసిం చెడ్డవాడు కాడు. నా కోపం అందుకే ఇంకా ఎక్కువ. చెడ్డవాడైతే ఊరు నా పక్కన ఉండేది. గుట్ట ఎక్కి చూశాడు. ఒక్క ఆకు లేదు, అంతా ఎండుపుల్లలు. పుట్టినప్పటి నుంచి కాలవ నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని బతికినవాడు, ఎండిన పైరు చూసి ఓర్చుకోలేకపోయాడు. పాపం, మొగుడి రోగంలో పడి మరదలు నీళ్లు పెట్టలేకపోయిందనుకున్నాడు. పక్క చేను బయ్యన్న బావికి ఆయిలింజను బిగించాడు. గుట్ట దిగువ సగం కాస్త చదునుగా ఉంటుంది, దాని చుట్టూ వరిమడికి కట్టినట్టు గట్టు కట్టి మడి నిండా నీళ్లు పారించాడు. ఆరగానే మళ్లీ పారించాడు. పైసగం నిటారు వాలు, పైపు అంత ఎత్తుకు ఎక్కలేదు. ఎక్కలేదని ఆయన బాధపడ్డాడు కూడా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే పెట్టాడు, వద్దన్నా పెట్టాడు.

దిగువన తీగలన్నీ ఒక్కసారిగా చిగురించాయి. అహోబిలం బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, మండు ఎండల్లో ఆ పచ్చదనం ఖాసిం చలవేనని చెప్పుకున్నారు. తిరుపాలమ్మకు తెలిసి పరిగెత్తుకొచ్చి గట్టు తెగ్గొట్టబోతే, ఖాసిం మనుషులు ఆమెను తరిమేశారు. కర్నూలు నుంచి అజీజక్క వచ్చేసరికి చిగురు వాలిపోతోంది. తవ్వి చూస్తే గడ్డ లేదు, వాసన కొట్టే గుజ్జు ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆమె ఆ గుజ్జు చేత్తో పట్టుకుని అట్లాగే బస్సెక్కి వచ్చి, బస్టాండులో జనం మధ్య కూర్చున్న బావ ముందు నిలబడింది.

"ముట్టాకండి అని చెప్పి పోతి గదా బావా. నన్నొక మాట అడిగినారా? చంపేస్తిరి గదా" అంది.

గొంతు పెద్దది, చెప్పాను కదా. బస్టాండంతా విన్నది. ఖాసిం ముఖం మాడిపోయింది. సొంత ఖర్చుతో నీళ్లు పెట్టిస్తే మొగవాళ్ల మధ్య ఆడది ఇట్లా నోరు చేసుకుంటుందా అని లేచి పోయాడు. మర్నాటికి కబురు వచ్చింది. గుట్టలో తన వాటా తనకు పంచాలి, ఆ పైసగం తనకు రావాలి, బండలు కొట్టుకునేవాళ్లకు ఇచ్చుకుంటాడు. నలుగురిలో మాఫీ అడిగితేనే ఆ మాట వెనక్కి తీసుకుంటాడు.

ఆ సాయంత్రం అజీజక్క, తిరుపాలమ్మ గుట్ట పైదాకా ఎక్కి చూశారు. నీళ్లు ఎక్కని పైసగంలో తీగలు ఎండుపుల్లల్లాగే ఉన్నాయి. గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది. అవి బతికే ఉన్నాయి. గింజకు మిగిలిన దిక్కు అవే, ఖాసిం అడుగుతున్న వాటా కూడా అదే. కిందికి దిగొచ్చి నాతో ఈ మాట చెప్పినప్పుడు ఆమె గొంతు చిన్నదైపోయింది. నేను అంతకు ముందెప్పుడూ అట్లా వినలేదు.

పంచాయితీ సంజీవయ్య అరుగు మీద జరిగింది. ఆయనకు బియ్యం మిల్లు, ఊరి తగవులన్నీ ఆయనే తీర్చేవాడు. అందరూ వచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సంజీవయ్య నీతి చెప్పాడు. నీళ్లు పోసిన చెయ్యిని కరిచే పశువు కూడా ఉండదన్నాడు ఇంకొకడు. దాదా ఖలందర్ కుట్లు ఇంకా ఆరని కడుపు పట్టుకుని తలొంచుకుని కూర్చున్నాడు. ఆమె ముట్టవద్దని చెప్పి పోయిందయ్యా, నేను విన్నాను అని నేను మధ్యలో లేచాను. నీ ఉగ్గాని నువ్వు కలుపుకో పో ఈశ్వరమ్మా అని సంజీవయ్య నవ్వాడు, అందరూ నవ్వారు. చెప్పిన మాట వినలేదన్నది వాళ్లకు తప్పుగా తోచలేదు. చెప్పింది ఆడది, పోసింది నీళ్లు. అంతటితో వాళ్లకు తగవు తెగిపోయింది.

అజీజక్క లేచి, కొంగు నెత్తి మీద సర్దుకుని, బావ ముందుకు పోయింది. తప్పు తనదేనని, మాఫీ చెయ్యమని అడిగింది. వినబడలేదు, గట్టిగా అడగమన్నారు. గట్టిగా అడిగింది. ఖాసిం పెద్దరికంగా తలూపాడు. గుట్ట ఆమెకు ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు, నా కోపానికి మా ఇంట్లోవాళ్లు పస్తున్నారు.

ఎనభై ఆరులో పైసగం తీగలు విరగకాశాయి. మాఘం దాటాక, ఆకు రాలిన తీగల మీద కాయలు జంటలుగా వేలాడుతుంటే చూడటానికి నేనూ పోయాను. తిరుపాలమ్మ తల్లిగడ్డలు ముట్టకుండా పక్క గడ్డలు కొన్ని తీసిచ్చింది. అజీజక్క పాకం కాచింది. ఎన్నేళ్లకో ఆ పాత వాసన మళ్లీ లేస్తే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొదటి గ్లాసులు పెద్దలకే ఇయ్యాలని దాదా ఖలందర్ పట్టుబట్టి సంజీవయ్యనూ, నలుగురు పెద్దమనుషులనూ, అన్ననూ గుట్ట మీదికి పిలిచాడు. జీపులో వచ్చారు. నీడలో తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. తిరుపాలమ్మ అవతల ఎండలో కూర్చుని తన వాటా కాయలు మూట కట్టుకుంటోంది. దాదా ఖలందర్ గ్లాసుల తట్ట పట్టుకుని పెద్దలకు ఒక్కొక్కరికీ అందించాడు.

ఖాసిం గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తాగకముందే అందరి వైపూ తిరిగి, మీసం దువ్వుకుని మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు నేను ఇంజను పెట్టి నీళ్లు పారిచ్చకపోతే ఈ తీగలు యాడివి? నా మీద కేకలేసిందే మా మరదలు, ఇప్పుడు చూడండి."

సంజీవయ్య అవునవునని తలూపాడు. మిగిలినవాళ్లూ ఊపారు. ఎంత సేవ చేశావప్పా అన్నాడొకడు. వాళ్ల కళ్ల ముందరే, గుట్ట దిగువ సగం బోడిగా, ఎండిన గట్టు ఇంకా చుట్టూ ఉండి, మధ్యలో ఒక్క తీగ లేకుండా పడుంది. అటు తల తిప్పి చూసినవాడు లేడు. నేను నోరు తెరవబోయాను. అజీజక్క నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే లేచి బావ ముందు నిలబడింది. ఈసారి కొంగు సర్దుకోలేదు.

"మీ నీళ్లు పారింది ఆడ, కింద. ఆడ ఏమన్నా ఉందేమో చూడండి. ఇవి మీ నీళ్లు ఎక్కని సోట బతికిండేటివి. ఆ పొద్దు వీళ్లందరి ముందర నేనడిగిన మాఫీ, వీళ్లందరి ముందరే నాకు ఎనక్కియ్యండి బావా" అంది.

జరిగిపోయిన సంగతులు ఇప్పుడెందుకమ్మా అని సంజీవయ్య గొణిగాడు. ఖాసిం కిందికి చూశాడు, పైకి చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. దాదా ఖలందర్ తట్ట కింద పెట్టి భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఖాసిం ముఖం పక్కకు తిప్పుకుని గ్లాసు నోటి దగ్గరికి ఎత్తబోయాడు.

అజీజక్క ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఎండలోకి నడిచిపోయి తిరుపాలమ్మకు ఇచ్చింది. అందరికీ ఇచ్చాక కూడా ఆమెకు అప్పటిదాకా ఎవరూ గ్లాసు ఇవ్వలేదు. తిరుపాలమ్మ మూట ఒళ్లో పెట్టుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చివరి చుక్క దాకా తాగింది.